సగటు రివెట్టు

ప్రజా ప్రయాణ సంస్థ వర్క్‌షాపులో ముప్ఫైయొక్క రకాల రివెట్లు వాడుతున్నారన్న సంగతి ఎం.డి. చిత్తరంజన్ గారికి ఒక మంగళవారం నాడు తెలిసింది. బుధవారానికల్లా అది సంక్షోభమైపోయింది.

అంతవరకూ దాన్ని ఎవరూ సంక్షోభం అనుకోలేదు. సీతంపాలెంలోని ఆ వర్క్‌షాపులో ఎన్నో ఏళ్ళుగా బస్సులకు బాడీలు కడుతున్నారు. ఇనుప చట్రానికి రేకులు బిగిస్తారు, చెక్క నేల మీద రేకు పరుస్తారు, సీట్లకు రెక్సిను తొడుగుతారు. దేనికి పనికొచ్చే రివెట్టు దానికి వాడుతున్నారు, అవి ఎన్ని రకాలో లెక్కపెట్టాలని ఎవరికీ తోచలేదు. చిత్తరంజన్ గారికి తోచింది. ఆయన అప్పుడే ఏదో కొండ మీద విడిదిలో ‘సరళీకరణ’ అనే విషయం మీద శిక్షణ పొంది దిగివచ్చారు. ‘ఒకటే చాలు’ అన్నది అక్కడ ఆయనకు ఉపదేశించిన మంత్రం. వచ్చిన వారంలోనే హెడ్డాఫీసులో గోడ గడియారాలన్నీ తీయించి ఒక్కటి మాత్రం ఉంచారు. టైము కావలసిన ఉద్యోగులు మూడో అంతస్తుకు వెళ్ళి చూసుకుని వస్తున్నారు. వెళ్ళి వచ్చేసరికి ఆ టైము కాస్తా మారిపోతోందని ఎవరూ ఆయనకు చెప్పలేదు.

బుధవారం సమావేశానికి దాసరి మార్కండేయులును పిలిచారు. అతను వర్క్‌షాపులో అసిస్టెంటు ఇంజనీరు. రివెట్ల గురించి అతనికి తెలుసు, వాటి మీద పెద్ద ప్రేమ మాత్రం లేదు. అతని ప్రేమంతా పాలకొల్లులో ఉంది. అతని భార్య హైమవతి అక్కడి ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు. కూతురు చిన్నది, ఒకటో తరగతి. పాలకొల్లు డిపోలో ఇంజనీరు పోస్టు ఖాళీగా ఉంది. భార్యాభర్తల కోటా కింద ఆ పోస్టు కోసం అతను ఏటా దరఖాస్తు పెడుతూనే ఉన్నాడు. ప్రతి దరఖాస్తుతోపాటు భార్య ఉద్యోగ ధ్రువపత్రం, పెళ్ళి ధ్రువపత్రం, ఆ పెళ్ళి ఇంకా కొనసాగుతోందని తహసీల్దారు ఇచ్చిన ధ్రువపత్రం జతచేయాలి. ఫైలు ఏడాదికేడాది లావెక్కుతోంది గాని బదిలీ మాత్రం రావడం లేదు.

“ముప్ఫైయొక్క రకాలు!” అన్నారు చిత్తరంజన్ గారు. “ఇన్ని ఎందుకు? వీటిలో ఉత్తమమైనది ఏది?”

“ఉత్తమమైనదంటూ ఉండదు సార్,” అన్నాడు మార్కండేయులు. “అల్యూమినియం రేకుకు అల్యూమినియం రివెట్టే వెయ్యాలి. ఉక్కుది వేస్తే మన ఉప్పుగాలికి దాని చుట్టూ రేకు తెల్లగా పొడై రాలిపోతుంది. రెక్సినుకు తల వెడల్పుగా ఉన్నది కావాలి, లేకపోతే చీల్చుకుని బయటికి వచ్చేస్తుంది. మెట్ల దగ్గర తల రేకులోకి దిగిపోయేది కావాలి, పైకి ఉంటే జనం తట్టుకుని పడతారు. వెనక్కి చెయ్యి పట్టేచోట సుత్తితో కొట్టే రివెట్టు, పట్టనిచోట ముందు నుంచే రివెట్టు తుపాకీతో లాగే పాప్ రివెట్టు. పొడవైతే రేకుల మందాన్ని బట్టి...”

“అంటే,” ఎం.డి. గారు కళ్ళజోడు తీశారు, “మీరు రివెట్ల మధ్య వివక్ష పాటిస్తున్నారన్నమాట.”

అప్పటికి ఒంటిగంట దాటింది. మార్కండేయులు పొద్దున ఇడ్లీ కూడా తినకుండా బస్సెక్కి వచ్చాడు. ఆకలికి అతనికి ఒళ్ళు మండుతుంది, ఆ మంట నోటికి పాకుతుంది. “అంత బాధగా ఉంటే అన్నిటినీ కలిపి సగటు తీసేస్తే సరి సార్. ఒక్కటే మిగులుతుంది,” అన్నాడు.

వెటకారమని తక్కినవాళ్ళకు అర్థమైంది. చిత్తరంజన్ గారు మాత్రం కిటికీలోంచి దూరంగా చూశారు. “సగటు,” అన్నారు మెల్లగా. “ఎవరికీ అన్యాయం జరగదు. ఏ ఒక్క రివెట్టుదీ పైచేయి కాదు. శ్రీ మార్కండేయులు గారి చరిత్రాత్మక ప్రతిపాదనను సభ ఏకగ్రీవంగా ఆమోదించినట్టు నమోదు చేయండి. దీన్ని అమలుచేసే సంఘానికి కన్వీనరు కూడా వారే.”

“సార్, నా బదిలీ...”

“ఈ పథకం సఫలం కావడమే తరువాయి. ఆ రోజు మీ ఫైలు నా బల్ల మీద ఉంటుంది,” అన్నారు ఎం.డి. గారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. సంస్థలో అందరికీ ఉన్న ఇబ్బంది అదే.

ఆ ఆదివారం మార్కండేయులు పాలకొల్లు వెళ్ళాడు. తలుపు చిన్నది తీసింది. తండ్రిని చూసి నవ్వి, లోపలికెళ్ళి గ్లాసులో నీళ్ళు తెచ్చి రెండు చేతులతో అందిస్తూ, “కూర్చోండి, అమ్మ వస్తోంది,” అంది. ఇంటికొచ్చిన వాళ్ళతో అలా అనాలని హైమవతే నేర్పింది. తండ్రి ఇంటికొచ్చిన వాళ్ళ లెక్కలోకి రాడని విడిగా చెప్పాలని ఆవిడకు తోచలేదు. మార్కండేయులు కూర్చున్నాడు. నీళ్ళు తాగి ఖాళీ గ్లాసు ఒళ్ళో పెట్టుకున్నాడు.

సగటు సంగతి విని హైమవతి చపాతీల పిండి కలపడం ఆపేసింది. “మా క్లాసులో ఒకడికి తొంభై, ఇంకొకడికి పది వస్తే సగటు యాభై. ఆ యాభై వచ్చినవాడు క్లాసు మొత్తంలో ఎవడూ ఉండడండీ. లేనివాణ్ణి పిలిచి బోర్డు మీద లెక్క చెయ్యమంటారేంటి మీరు?”

“ఇది అయిపోతే బదిలీ ఇస్తామన్నారు.”

హైమవతి మళ్ళీ పిండి కలపడం మొదలుపెట్టింది. లెక్కల టీచరైనా ఆవిడ భార్య కూడా. “అయితే తొందరగా కానివ్వండి,” అంది.

సంఘం పని మొదలుపెట్టింది. పొడవుల సగటూ లావుల సగటూ తేలిగ్గానే వచ్చాయి. చిక్కంతా మిగతా వాటి దగ్గర వచ్చింది. రివెట్లలో కొన్ని ఉక్కువి, కొన్ని అల్యూమినియంవి. దీనికి స్టోర్సు ఆఫీసరు కనకారావు పరిష్కారం చెప్పాడు: లోపల ఉక్కు, పైన అల్యూమినియం రంగు. రెండు వర్గాలకూ న్యాయం జరిగిందని సంఘం సంతృప్తి వ్యక్తం చేసింది. తలల్లో కొన్ని పైకి ఉబ్బి ఉంటాయి, కొన్ని లోపలికి దిగిపోతాయి. కాబట్టి కొత్త రివెట్టు తల ఒక పక్క పైకీ ఒక పక్క లోపలికీ ఉండాలన్నారు. ఇక కొన్నిటిని ముందు నుంచి లాగాలి, కొన్నిటిని వెనక నుంచి కొట్టాలి. మార్కండేయులు నోరు విప్పేలోపే సగటు తీసేశారు. కొత్త రివెట్టును ఒకరు ముందు నుంచి లాగుతుండగా ఇంకొకరు వెనక నుంచి కొట్టాలి.

దానికి ‘ఐక్య’ అని పేరు పెట్టారు. మొదటి పెట్టె లారీలో దిగిన రోజున దానికి పూలదండ వేసి కొబ్బరికాయ కొట్టారు. పాత రివెట్లు ముప్ఫైయొక్క రకాలూ రద్దయినట్టు ప్రకటించి, డబ్బాలతో సహా వర్క్‌షాపు వెనక తుక్కుదొడ్లో పడేశారు.

మర్నాడు రివెట్ల గ్యాంగు మేస్త్రి మస్తాన్‌వలి ఒక ఐక్య రివెట్టు పట్టుకుని మార్కండేయులు గదిలోకి వచ్చాడు. మస్తాన్‌వలి గొంతు పెద్దది. వర్క్‌షాపు మొత్తానికి వినపడకుండా అతనికి మాట్లాడటం రాదు.

“ఏంది సార్ ఇది? రేకుకేస్తే అవతలికి వేలంత పొడుచుకొస్తంది. కింద చెక్కకేస్తే సగానికి కూడా దిగట్లా. పక్క రేకుకు ఎనక నుంచి కొట్టమన్నారు, చట్రంలో చెయ్యెట్టా పట్టుద్ది?”

“వెనక రేకుకు కిటికీలా కోసి చెయ్యి పెట్టండి.”

“కోశాం సార్. మళ్ళీ ఆ కంత ముయ్యాలగా? దానికో అతుకేశాం. ఆ అతుక్కి రివెట్టు కొట్టాలంటే ఎనక ఇంకో కంత కొయ్యాలి. దాన్ని ముయ్యాలంటే మళ్ళా కొయ్యాలి. పొద్దున్నించీ మావోళ్ళు ముగ్గురు అదే పన్లో ఉన్నారు. ఎక్కడ ఆగాలో మీరు చెప్పండి.”

ఎక్కడ ఆగాలో మార్కండేయులుకూ తెలియలేదు. హెడ్డాఫీసుకు రాశాడు. జవాబుగా సర్క్యులర్ వచ్చింది. “రివెట్టు మారదు. వస్తువులే రివెట్టుకు అనుగుణంగా మారవలెను. రంధ్రముల విషయమై, చివరి రంధ్రమును మూసినట్లుగానే పరిగణించవలెను.”

అప్పటినుంచి వస్తువులు మారడం మొదలైంది. రేకు పలచనగా ఉండి రివెట్టు పొడవవుతోందంటే, వెనక ప్లైవుడ్ ముక్కలు పేర్చి మందం పెంచారు. కింద చెక్క మందమైందంటే, రివెట్టు అందేదాకా చిత్రిక పట్టారు. కొన్నాళ్ళకు బస్సు గోడలు కోటగోడల్లా, నేల అప్పడంలా తయారయ్యాయి. ఐక్య తల చిన్నది కావడంతో రెక్సిను చిరిగిపోయింది, అందుకని సీట్లకు రెక్సిను మానేసి రేకు తొడిగారు. ప్లాస్టిక్ కిటికీలు పగిలిపోయాయి, వాటి బదులూ రేకే వేశారు. కిటికీలోంచి ఏమీ కనపడదని మార్కండేయులు రాస్తే, “ప్రయాణికుడి ఏకాగ్రత పెరుగును” అని జవాబు వచ్చింది. ప్రయాణికుడు దేని మీద ఏకాగ్రత నిలపాలో అందులో రాయలేదు. కండక్టర్ల తోలు సంచుల పట్టీలకు కూడా ఐక్యలే కొట్టించారు. మొదటి రోజే ఒక సంచి తెగి చిల్లరంతా బస్టాండులో దొర్లింది.

మార్కండేయులుకు ఇదంతా కనపడలేదా అంటే, కనపడింది. కాని సర్క్యులర్ వచ్చినప్పుడల్లా అతనికి ఆ నీళ్ళ గ్లాసు గుర్తొచ్చేది. ఇంకొక్క బస్సు, ఒక్క ప్రారంభోత్సవం, ఆ తర్వాత పాలకొల్లు అనుకునేవాడు. సంతకాలు పెట్టుకుంటూ పోయాడు.

బస్సు తయారైంది. ప్రారంభోత్సవం పై సోమవారమని, మొదటి ట్రిప్పు పాలకొల్లు వెళ్ళి రావాలని హెడ్డాఫీసు నిర్ణయించింది. పథకం ప్రతిపాదకుల కుటుంబం ఉన్న ఊరు కావడంతో అది సముచితమని ఎం.డి. గారే స్వయంగా అన్నారట. ఆ శుక్రవారం హైమవతి ఫోను చేసింది.

“సోమవారం మాకు లోకల్ హాలిడే అండీ. చిన్నదీ నేనూ మీ బస్సు ఎక్కి అటు వచ్చేస్తాం. నాన్న కట్టిన బస్సని ఇది ఇప్పటికే వీధంతా చెప్పేసింది.”

మార్కండేయులు ఫోను పెట్టేసి నేరుగా షెడ్డులోకి వెళ్ళాడు. బస్సెక్కి సామాన్లు పెట్టే ర్యాకును పట్టుకుని చిన్నగా ఊపాడు. ర్యాకు చేతికి ఊడి వచ్చింది. సీటును కాలితో తోశాడు. సీటు పక్కకు తిరిగి అటువైపు చూస్తూ కూర్చుంది. ఆ సీటు మీద పిల్లనూ, ఆ ర్యాకు కింద హైమవతినీ ఊహించుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ సీట్లలో ఎవరి పిల్లలు కూర్చుంటారని తను అనుకున్నాడో అతనికే తెలియలేదు. సిగ్గేసింది.

ఆ సాయంత్రమే హెడ్డాఫీసుకు వెళ్ళి ఎం.డి. గారి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. “సార్, ఈ బస్సు రోడ్డెక్కకూడదు. ఆ రివెట్టు దేన్నీ పట్టి ఉంచదు. నా బదిలీ మాట దేవుడెరుగు, దీన్ని ఆపండి.”

చిత్తరంజన్ గారి కళ్ళు చెమర్చాయి. “గొప్ప ఆవిష్కరణలు చేసినవారికందరికీ చివరి ఘడియలో ఈ సందేహమే కలుగుతుంది. అది మీ వినయం. దాన్ని నేను గౌరవిస్తాను, పట్టించుకోను,” అని లేచి భుజం తట్టి పంపించారు.

శనివారం, ఆదివారం వర్క్‌షాపుకు సెలవు. మార్కండేయులు కబురు చేస్తే శనివారం పొద్దున్నే మస్తాన్‌వలి తన గ్యాంగుతో వచ్చాడు. ఎందుకు పిలిచారని అడగలేదు. నేరుగా తుక్కుదొడ్లోకి నడిచి, రద్దయిన డబ్బాలు భుజాన వేసుకుని వచ్చాడు.

ఆ రెండు రోజులూ మార్కండేయులు చొక్కా విప్పి పనిచేశాడు. ఐక్యల తలలన్నీ డ్రిల్లుతో తొలిచి తీసేశారు. చాలావాటికి డ్రిల్లు అక్కర్లేకపోయింది, వేలితో వచ్చాయి. ప్లైవుడ్ ముక్కలు పీకేసి పలచని అల్యూమినియం రేకుకు పొట్టి అల్యూమినియం రివెట్లు వేశారు. చట్రానికి చట్రం కలిసేచోట ఉక్కువి, కాల్చి, ఒకరు పట్టుకుంటే ఒకరు కొట్టి బిగించారు. చెయ్యి పట్టనిచోట తుపాకీతో లాగేవి పెట్టారు. నేల చెక్క మార్చి, మెట్ల దగ్గర తల మునిగేవి దించి, వాటి మీద అరచేత్తో నిమిరి చూశారు. పాత స్టాకులోంచి రెక్సినూ ప్లాస్టిక్ కిటికీలూ తెచ్చి వెడల్పు తలలవి బిగించారు. ప్రతి రివెట్టూ దాని చోట్లో చప్పుడు లేకుండా కూర్చుంటుంటే మార్కండేయులుకు చాలా రోజుల తర్వాత ఆకలేసింది. మస్తాన్‌వలి భార్య పంపిన బిర్యానీ అందరూ రేకు మీదే పెట్టుకుని తిన్నారు.

“మరి ఎం.డి. గారొచ్చి చూస్తే?” అన్నాడు మస్తాన్‌వలి, ఆ ఒక్కసారి కాస్త గొంతు తగ్గించి.

తలుపు పక్కన ఆయన పేరున్న శిలాఫలకం లాంటి ఇత్తడి పలక ఉంది. దానికి మాత్రం నాలుగు మూలలా నాలుగు ఐక్యలు ఉంచేశారు.

సోమవారం చిత్తరంజన్ గారు రిబ్బను కత్తిరించి, ఇత్తడి పలక ముందు నిలబడి ఫోటో తీయించుకున్నారు. కొబ్బరికాయ కొట్టిన అదురుకు పలక ఊడి ఆయన బూటు మీద పడింది. ఆయన వంగి దాన్ని తీసి చూసుకుని, “పలక రివెట్టుకు సహకరించలేదు. పలకను మార్చండి,” అన్నారు. కిటికీలకు రేకు ఎందుకు లేదని అడుగుతారేమోనని మార్కండేయులు బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు. ఆయన అడగలేదు. కిటికీలకు రేకు వేయించింది తనేనన్న సంగతి ఆయన మర్చిపోయారు.

మధ్యాహ్నానికి బస్సు పాలకొల్లు వెళ్ళి తిరిగొచ్చింది. చిన్నది మెట్ల మీంచి గెంతి దిగింది. “నాన్నా, బస్సు అస్సలు గడగడలాడలేదు తెలుసా! కిటికీ పక్కనే కూర్చున్నా!” అంటూ వచ్చి కాళ్ళు చుట్టేసింది. ఈసారి ‘కూర్చోండి’ అనలేదు. మార్కండేయులు పిల్లను ఎత్తుకుని మొహం ఆ గౌనులో దాచుకున్నాడు. హైమవతి ముందు బస్సు వైపు, తర్వాత అతని చేతి బొబ్బల వైపు చూసింది.

మూడు నెలల పాటు ఆ బస్సు గోతుల రోడ్డు మీద రోజూ తిరిగింది. ఒక్క రేకు కదల్లేదు. సంస్థ చరిత్రలో ఇంత గట్టి బస్సు లేదని నిపుణుల సంఘం నివేదిక ఇచ్చింది. కారణం ఐక్య రివెట్టే అని తేల్చింది. అసలు అందులో ఉన్న రివెట్లేమిటని సంఘం చూడలేదు. సర్క్యులర్లు చూసింది, అన్నీ సక్రమంగా ఉన్నాయి. మార్కండేయులు నిజం రాసి పంపాడు. దానికి కూడా జవాబు వచ్చింది, “వినయం అందినది” అని.

పథకాన్ని సంస్థ అంతటికీ విస్తరించారు. రివెట్టు ఒక్కసారి పడితే కాగితం చేర్చడానికీ తీయడానికీ వీలుండదు కనుక పారదర్శకత పెరుగుతుందని హెడ్డాఫీసు ఫైళ్ళకు కూడా దారం బదులు ఐక్యలే కొట్టాలని ఎం.డి. గారు ఆదేశించారు. అయితే మాట మాత్రం నిలబెట్టుకున్నారు. పథకం సఫలమైంది గనుక మార్కండేయులు బదిలీ ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. కబురు అందగానే మార్కండేయులు హైమవతికి ఫోను చేసి, ఆ మాట ఆవిడకు చెప్పకుండా, చిన్నదాన్ని పిలిపించి ముందు దానికే చెప్పాడు. సెలవు పెట్టి హెడ్డాఫీసుకు బయల్దేరాడు.

సిబ్బంది విభాగం సూపరింటెండెంటు త్రిపురసుందరి గారు అతన్ని చూడగానే లేచి కుర్చీ వేయించారు. బల్ల మీద అతని ఫైలు ఉంది. దాని మీద విడిగా ఒక కాగితం ఉంది.

“మీ ఆర్డరు వచ్చిందండీ, చూడండి,” అన్నారావిడ బాధగా. “ఎం.డి. గారు మధ్యాహ్నం సంతకం పెట్టారు. ఫైళ్ళకు రివెట్లు పొద్దున్నే పడిపోయాయి.”

“అయితే?”

“ఫైల్లో ఉంటేనే అది ఆర్డరండీ. బయట ఉంటే ఉత్త కాగితం.”

“దానిదేముందండీ, డ్రిల్లు పెట్టి తల తీసేస్తే ఒక్క నిమిషం పని.”

“తీయొచ్చండీ. కాకపోతే ఐక్య రివెట్టు తీయాలంటే సంఘం కన్వీనరు సిఫారసు ఉండాలి.”

“కన్వీనర్ని నేనేగా!”

“సొంత లాభం ఉన్నచోట కన్వీనరు సిఫారసు చెల్లదండీ,” అన్నారు త్రిపురసుందరి గారు. “మీరు సంతకం పెట్టిన నిబంధనే.”

మార్కండేయులు ఫైలును దగ్గరికి లాక్కున్నాడు. దరఖాస్తులు, ఉద్యోగ ధ్రువపత్రాలు, పెళ్ళి కొనసాగుతోందన్న ధ్రువపత్రాలు, ఇన్నేళ్ళ కాగితాలన్నీ అట్టల మధ్య దళసరిగా ఉన్నాయి. అలవాటుకొద్దీ అతని కన్ను ముందు రివెట్టు తల మీదికి వెళ్ళింది, తర్వాత తిప్పి తోక వైపు చూశాడు. తల అట్టకు వంక లేకుండా ఆనుకుంది. తోక అవతలి పక్క ఎంత రావాలో అంతే వచ్చి, గుండ్రంగా, నిండుగా నలిగింది. మందానికి పొడవు సరిపోయింది, కన్నానికి లావు సరిపోయింది. కాగితం కాబట్టి ఉక్కైనా రంగైనా ఒకటే. మొత్తం సంస్థలో ఐక్య రివెట్టు అచ్చంగా సరిపోయిన వస్తువు అదొక్కటే.

జేబులో ఫోను మోగుతోంది. పాలకొల్లు నుంచి. మార్కండేయులు రెండు చేతులతో ఫైలు పట్టుకుని గట్టిగా ఊపి చూశాడు.

కదల్లేదు.